కాకకు దాహమెక్కువ

కాకకు దాహం ఎక్కువని చాలా రోజులు అనుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఆట మొదలై పది నిమిషాలు కాకముందే ఎవరినో ఒకరిని పిలిచి, "పోయి నాకు కొన్ని నీళ్లు పట్కరాపో" అనేవాడు. పిలిపించుకున్నవాడు ఆట విడిచి గట్టు మీదున్న నీళ్ల క్యాను దాకా నడిచేవాడు. వాడు సీసా నింపుకొచ్చేసరికి వాడి చోట్లో ఇంకొకడు ఆడుతుండేవాడు. కాక ఆ సీసా అందుకుని రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని, మిగతాదంతా నెత్తిన గుమ్మరించుకునేవాడు. సౌదీలో, ఆ అల్ ఖర్జ్ ఎండలో నీళ్ల విలువ తెలిసినవాడు చేసే పని కాదది. "ఈ ముసలాయనకు ఊర్లె బాయి ఉన్నట్టున్నది" అని నేను పళ్లు నూరేవాణ్ణి.

మొన్న ఆయన మేనకోడలు నా ఫోనుకు మెసేజ్ పెట్టింది. "మామయ్య పోయిండు. రేపు పొద్దున పదింటికి తీస్కపోతరు." చదివి ఫోను పక్కన పెట్టాక నాకు ముందు గుర్తొచ్చింది ఆయన మొహం కాదు, నెత్తి మీంచి చెవుల వెనక్కి కారిపోతున్న ఆ నీళ్లు.

ఆయన అందరికీ కాకే. జగిత్యాల నుంచి వచ్చిన మేము పిలిచాం, మమ్మల్ని చూసి పాకిస్తానీలు, నేపాలీలు పిలిచారు, చివరికి ఆస్ట్రేలియా సార్ కూడా "కాకా" అని రెండో అక్షరం సాగదీసి పిలిచేవాడు. పాస్‌పోర్టులో ఆయనకు వేరే పేరుందని నాకు తెలిసింది చాలా తర్వాత, తెలియకపోతే బాగుండుననిపించిన చోట.

మాది ఆవుల డెయిరీ. నేను పాలు పితికే షెడ్డులో, కాక గిట్టల దగ్గర. ఆవును ఇనుప బోనులోకి తోలి, కాలు తాడుతో పైకి కట్టి, పెరిగిన గిట్టను కత్తితో చెక్కి, పుండుంటే కడిగి మందు పెట్టి నీలం పట్టీ చుట్టడం ఆయన పని. రోజుకు ఎన్ని కాళ్లో ఆయన లెక్క పెట్టలేదు, నేనూ పెట్టలేదు. కానీ అసలు పని బోను దగ్గర కాదు, దారి పక్కన. ఆవులు పాలిచ్చి తిరిగి కొట్టాలకు నడిచే దారి పక్కన రెండు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. వందల ఆవులు నడిచిపోతుంటే మధ్యలో ఒకదాన్ని చూపించి, "దాని ఎన్క ఎడమ కాలు" అనేవాడు. డాక్టరుకు రెండు రోజుల తర్వాత కనిపించే కుంటు ఆయనకు ఆ పూటే కనిపించేది.

"ఎట్ల చెప్తవ్ కాకా?" అని అడిగితే, "గొడ్డుకు నొప్పయితె దాసుకుంటది రా. మందల కుంటిదని తెలిస్తె మిగిలినయి పొడుస్తయి. గందుకె మంచిగ నడిచినట్టు చేస్తది. ఆ చేసుడు కనబడ్తది నాకు" అన్నాడు.

మనుషుల్నీ అలాగే చూసేవాడు. కొత్తవాడు క్యాంపుకు వస్తే మనం మొహం చూస్తాం, ఆయన చెప్పులు చూసేవాడు. ఏ మడమ ఎక్కువ అరిగిందో చూసి నడుము నొప్పి సంగతి చెప్పేవాడు. ఒకసారి ఆస్ట్రేలియా సార్ బూట్లు చూసి, ఆయన తుంటి మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ?" అన్నట్టు కళ్లెగరేశాడు. సార్ నోరు తెరిచేశాడు. ఇద్దరికీ కలిసి వచ్చిన భాష ఒక్కటీ లేదు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు.

ఆట తెచ్చిపెట్టింది ఆ సారే, వాళ్ల దేశపు ఫుట్‌బాల్. మందల ఆరోగ్యం ఆయన చూసేవాడు. ఒక సెలవుకు ఇంటికి పోయి ఎర్ర తోలు బంతి పట్టుకొచ్చాడు. గుండ్రంగా ఉండదది, కోడిగుడ్డులా ఉంటుంది, నేల మీద పడితే ఎటు ఎగురుతుందో దాన్ని చేసినవాడికి కూడా తెలియదు. తన్నొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి ఇవ్వొచ్చు, విసరకూడదు. తన్నిన బంతిని నేల తగలకుండా ఎవడు పట్టుకుంటే వాడి దగ్గర ఆట ఒక్క క్షణం ఆగాలి. గోలుకు రెండు కాదు, నాలుగు స్తంభాలు. మైదానం కూడా గుండ్రంగానే ఉండాలట. దానికి మాకు కొదవ లేదు. అక్కడ పొలాలన్నీ మధ్యలో బోరు, చుట్టూ గడియారం ముల్లులా తిరిగే నీళ్ల పైపు ఉన్న గుండ్రటి పొలాలే. పచ్చగడ్డి వేయడం ఆపేశాక ఒక పొలం బీడు పడింది. పాత పైపులు నిలబెట్టి స్తంభాలు చేశాం.

పేరుకు కెప్టెన్ ఇక్బాల్ భాయ్. ట్రాక్టరు నడిపే పంజాబీ, ఆరడుగుల మనిషి, గట్టిగా అరిచేవాడు. కాకకు యాభై దాటాయి. గట్టు మీద కూర్చుని అందర్నీ తప్పు పడుతుంటే సార్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మా గోలు ముందు నిలబెట్టాడు. ఆ చోటు విడిచి ఆయన ఎప్పుడూ ముందుకు పోలేదు, ఎన్నడూ ఒక్క గోలు కొట్టలేదు.

కానీ ఆట ఆయన గొంతులో నడిచేది. ఈ ఆటకు ముందూ వెనకా లేదు, నాలుగు దిక్కుల నుంచీ వచ్చి మీద పడతారు. బంతి పట్టేవాడు ఆకాశంలోకి చూస్తాడు. వాడి వీపు వెనక ఏముందో ఇంకొకడు చెప్పాలి. కాక వెనక నుంచి చెప్పేవాడు. "ఎన్క మనిషున్నడు!" "టైమున్నది, పరేషాన్ గాకు!" "నీదే, నీదే!" నేపాలీ కుర్రాళ్లకు ఈ మూడు ముక్కల తెలంగాణ వచ్చేసింది. ఇక్బాల్ భాయ్ "మారో, మారో" అని గొంతు చించుకుంటుంటే అందరూ తల ఊపి, కాక చెప్పినట్టు ఆడేవాళ్లు. ఇక్బాల్‌కూ ఆ సంగతి తెలుసు. కోపం రాలేదు, ఎందుకంటే అతనూ కాక చెప్పినట్టే ఆడేవాడు.

ఒకడు బంతి జారవిడిస్తే మర్నాటి దాకా నవ్వే రకం మేమందరం. కాక మాత్రం ఆ తర్వాత తన చేతికి వచ్చిన బంతిని వెతికి వెతికి ఆ జారవిడిచినవాడికే ఇచ్చేవాడు. "తప్పు చేసినోనికే మల్ల ఇయ్యాలె. లేకుంటె ఆ తప్పును ఎంబడి వెట్టుకొని రూముకు పోతడు" అనేవాడు. నాకు అలా ఒకే సాయంత్రం నాలుగుసార్లు ఇచ్చాడు. నాలుగోది పట్టాను.

నీళ్ల సంగతి నాకు నా చీలమండతో తెలిసింది. ఒక శుక్రవారం కాలు మడతపడింది. లేచి దులుపుకుని ఏమీ కానట్టు నాలుగడుగులు పరిగెత్తాను, బాగానే నటించాననుకున్నాను. వెనక నుంచి వినపడింది: "పోయి నాకు కొన్ని నీళ్లు పట్కరాపో." నాకు ఒళ్లు మండింది. ఇంతమందిలో నేనే దొరికానా అనుకుంటూ గట్టు ఎక్కాను. అక్కడ కుర్చీ వేసుకుని మా ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి చూడనట్టు చూశాడు. నీళ్లకు వచ్చినవాణ్ణి ఎవడు చూస్తాడు? సీసా తెచ్చిచ్చేసరికి నా చోట్లో ఇంకొకడు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున పాల షెడ్డు దగ్గరికి కాక వచ్చి నా చేతిలో నీలం పట్టీ చుట్ట పెట్టాడు. ఆవులకు చుట్టేదే.

"గట్టిగ సుట్టు. మూడు రోజులు బూటు ఇప్పకు."

"నీకెట్ల తెలిసింది?"

"నాల్గడుగులు మస్తు ఉరికినవ్. మంచిగున్నోడు గంత మంచిగ ఉరుకడు."

"మరి దెబ్బ తాకింది, పక్కకు రా అంటె అయిపోవు గద. నీళ్లెందుకు?"

కాక షెడ్డు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ముదీర్ కూసున్నడు గద రా. ఆటల కాలిరిగిందని రాసుకుంటె రేపు పనికి రాడంటడు. నొప్పి మనం సూడాలె గని మందికి సూపొద్దు."

అప్పుడు వరసగా గుర్తొచ్చారు, నీళ్లకు పోయిన ప్రతివాడూ. అందరూ ఏదో ఒక కాలు ఈడ్చినవాళ్లే. నేను ఆయన్ను తిట్టుకున్న తిట్లన్నీ కూడా గుర్తొచ్చాయి. సిగ్గుపడ్డాను, నిజంగానే.

తర్వాత ఏడాది, పరాయి దేశపు పనివాళ్ల మీద సర్కారు వేసే లెవీ పెరిగింది. మేము డెయిరీ మనుషులం కాదు, డెయిరీకి మనుషుల్ని సప్లై చేసే కంపెనీ మనుషులం. నితాఖత్ లెక్కలో సౌదీ వాళ్లు ఎంతమంది ఉన్నారో చూసి కంపెనీకి ఒక రంగు వేస్తారు. మా కంపెనీ రంగు పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపు వైపుకు జరుగుతోందని మెస్సులో చెప్పుకునేవాళ్లు. ఎరుపు పడితే ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. ఉన్నవాళ్లలో ఒక్కో మనిషికి కట్టాల్సింది పెరిగింది కనుక మనుషుల్ని తగ్గించాలి. నెలనెలా నోటీసు బోర్డు మీద, ఇంటికి పంపేసేవాళ్ల ఎగ్జిట్ లిస్టు పడేది. ముందు ఒంట్లో బాగాలేనివాళ్లు, తర్వాత వయసు మళ్లినవాళ్లు. ముదీర్ చెడ్డవాడని చెప్పలేను. ఇన్ని పేర్లు కావాలని పైనుంచి అడిగేవాళ్లు, ఆయన వెతికేవాడు.

కాకకు ఇంకొక్క ఏడాది కావాలి. ఇంకేమీ అడగలేదాయన. భర్త పోయిన చెల్లెలి బిడ్డ నర్సింగు చదువుతోంది, చివరి ఏడాది. "పిల్ల సదువు ఒడిసిన్నాడు నేనే పోయి ఎగ్జిట్ అడుగుత. లిస్టుల పేరొచ్చి పోవుడు వద్దు. నా కాళ్ల మీద నేను పోత" అనేవాడు. ఆవుల దారి పక్కన ఇద్దరం నిలబడి ఉన్నప్పుడు ఈ మాట నాతో ఎన్నిసార్లన్నాడో. ఆ రోజుల్లో నాకు ఆ విద్య నేర్పుతున్నాడు. "గా మూడోది, ఏ కాలు?" అని పరీక్ష పెట్టేవాడు. మొదట్లో పదికి ఒకటి చెప్పేవాణ్ణి, తర్వాత ఐదారు చెప్పాను. గర్వంగా ఉండేది.

చలికాలంలో రియాద్ నుంచి ఒక జట్టు వచ్చింది. సార్ దేశం వాళ్లు, ఐర్లండు వాళ్లు, టీచర్లు, ఇంజనీర్లు. బనియన్ల మీద నంబర్లున్నాయి. మాకు డెయిరీ వాళ్లిచ్చిన టోపీలున్నాయి. క్యాంపంతా గట్టెక్కింది, ముదీర్ కుర్చీ ముందుకు జరిపించుకున్నాడు. మేము ఓడిపోతామని అందరికీ తెలుసు, కానీ సగం ఆట దాకా వాళ్లకు చెమటలు పట్టించాం. వెనక కాక గొంతు ఆగలేదు.

నాలుగు భాగాల ఆటలో మూడో భాగంలో ఒక పొడుగాటి ఐరిష్ మనిషి పైకి ఎగిరాడు, కాక కూడా ఎగిరాడు. బంతిని పిడికిలితో దూరం కొట్టి కిందికి దిగాడు. దిగి, రెండడుగులు చాలా బాగా నడిచాడు. ఆ బాగా నడవడం నాకు కనపడింది. కుడి మోకాలు. ప్యాంటు కాస్త పైకి పోయి కింద నీలం పట్టీ అంచు కూడా కనపడింది. అంటే ఇవాళ్టిది కాదు, ఎన్నాళ్లుగానో చుట్టుకుంటున్నాడు.

ఆ క్షణంలో నాలో రెండు పరిగెత్తాయి. ఒకటి ప్రేమ, అబద్ధం చెప్పను. రెండోది, నేను పట్టేశానన్న గొప్ప. ఆవుల దారి పక్కన పరీక్షలో నెగ్గిన పిల్లాడిలా చెయ్యి పైకెత్తి, కాక మోకాలు పోయింది, బయటికి తియ్యండని అందరికీ అర్థమయ్యేలా హిందీలో అరిచాను. "కాకా కా ఘుట్నా గయా! బాహర్ నికాలో, జల్దీ!"

ఆట ఆగింది. గట్టు మీదున్న వాళ్లందరూ లేచి చూశారు. కాక నా వైపు తిరిగాడు. ఆయన కళ్లల్లో కోపం ఉంటే ఇవాళ నాకు ఇంత కష్టముండేది కాదు. గట్టు మీద కుర్చీ వైపు ఒక్కసారి చూసి, తల దించుకుని, కుంటుకుంటూ బయటికి నడిచాడు. ఇక దాచి లాభం లేదు కదా. నడక చూడటం నేర్చుకున్నాను గాని, నీళ్లు తెమ్మనడం నేర్చుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. నోరు జారాక నాలుక కరుచుకుంటే ఏం లాభం?

పది రోజుల్లో లిస్టు పడింది. మూడో పేరు ఎవరిదో నాకు అర్థం కాలేదు. పక్కన ఇఖామా నంబరు, ఫోటో చూశాక అర్థమైంది. ఆస్ట్రేలియా సార్ ముదీర్ గదికి రెండుసార్లు పోయి వచ్చాడు. రెండోసారి తలుపు గట్టిగా వేసి బయటికి వచ్చాడు. అది డెయిరీ చేతిలో లేదని, సప్లై కంపెనీ ఇష్టమని చెప్పారట.

కాక పోయే రోజు కూడా శుక్రవారమే పడింది. ఎయిర్‌పోర్టు వ్యాను సాయంత్రం ఆరింటికి. అంతకు ముందు సార్ అందర్నీ మైదానానికి పిలిచాడు. కాక పాత చోట్లోనే నిలబడ్డాడు, నీలం పట్టీ ఈసారి ప్యాంటు పైనే చుట్టుకుని. ఎవరూ ఆయన వైపు బంతి గట్టిగా తన్నలేదు. అది గమనించి, "ఏందిరా, సచ్చినోని ముంగట ఆడినట్టు ఆడుతున్నరు" అని అరిచాడు. అప్పుడు కాస్త నవ్వాం.

ఆట అయ్యాక సార్ ఇక్బాల్ చెవిలో ఏదో చెప్పాడు. వాళ్ల దేశంలో పాత ఆటగాడు చివరి ఆట ఆడితే జట్టు వాళ్లు భుజాల మీద ఎత్తుకుని బయటికి తెస్తారట, ఎదుటి జట్టు రెండు వరుసల్లో నిలబడి చప్పట్లు కొడుతుందట. అంతకన్నా పెద్ద మర్యాద లేదట. ఇక్బాల్ ఒక పక్క, సార్ ఒక పక్క, వెనక ఇద్దరు నేపాలీలు, ఒక్కసారిగా ఎత్తేశారు. కాక గాల్లోకి లేచాడు. లేచి, నలుగురినీ చూసి, రెండు చేతులూ ఊపుతూ కేకలు పెట్టాడు.

"దించుండ్రి! దించుండ్రి రా! బతికుండంగ నలుగురు మోసుడేంది? ఆ రోజొచ్చినప్పుడు మోద్దురు గని, ఇప్పుడు దించుండ్రి!"

మా వాళ్లందరి మొహాలూ మాడిపోయాయి. ఎవరికీ ముందు తట్టలేదది. సార్‌కు అర్థం కాక ఇంకా పైకెత్తబోయాడు. నేను పరిగెత్తి ఇక్బాల్ చెయ్యి పట్టుకుని, "భాయ్, హమారే మే ముర్దే కో ఉఠాతే హై" అన్నాను, మాలో శవాన్నే ఇలా ఎత్తుతారని. ఇక్బాల్ "తౌబా" అని మెల్లగా దించాడు. సార్‌కు చెప్పేసరికి ఆయన మొహం ఎర్రగా అయిపోయి, కాక రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాడు. కాక ఆయన తుంటి మీద ఒకటి తట్టి నవ్వాడు. "నడుస్త. నా కాళ్ల మీద నడుస్త" అన్నాడు. ఆయన కుంటుకుంటూ నడుస్తుంటే అందరం ఆయన నడకకే నడిచాం, ఎవరూ ఒక్కడుగు ముందుకు పోలేదు.

వ్యాను దగ్గర నేను చెప్పాలనుకున్న మాట పది రోజులుగా నోట్లోనే ఉంది. "కాకా, ఆ రోజు నేను" అన్నాను. మొహం వంకర్లు పోతోందని నాకే తెలుస్తోంది. చుట్టూ క్యాంపంతా ఉంది, ముదీర్ కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు.

కాక నన్ను చూశాడు. మొహం కాదు, ముందు కాళ్లే చూశాడు, అలవాటు పోదు కదా.

"పోయి నాకు కొన్ని నీళ్లు పట్కరాపో" అన్నాడు.

గట్టు దాకా పోయాను. క్యాను వెనక కూర్చుని ఏడ్చాను. మొహం కడుక్కుని, సీసా నింపుకుని తెచ్చాను. కాక వ్యాను మెట్టు మీద నిలబడి ఉన్నాడు, డ్రైవరు హారన్ కొడుతున్నా లోపలికి పోకుండా. సీసా తీసుకుని, నా కళ్లల్లోకి చూస్తూ, ఒక్క చుక్క కింద పోయకుండా మొత్తం తాగాడు.

కాక మేనకోడలి చదువు ఒక ఏడాది ఆగింది. తర్వాత పూర్తి చేసి నర్సు ఉద్యోగంలో చేరింది. కాక చుట్టుపక్కల ఊళ్లలో బర్రెల గిట్టలు చెక్కేవాడు. నేనూ ఎగ్జిట్ మీద వచ్చేశాక రెండుసార్లు కలిశాను. ఆ రోజు మాట నేను ఎత్తబోతే, "నువ్వు సూసింది కరెక్టే గద రా" అనేశాడు. ఆ మాట నన్ను ఇంకా ఎక్కువ కోసింది.

నిన్న పొద్దున వెళ్లేసరికి పాడె కట్టేశారు. కాక కొడుకు నిప్పు కుండ పట్టుకుని ముందు నడిచాడు. ముందు ఎడమ కొమ్ము కాక తమ్ముడు పట్టాడు, అరవైకి దగ్గర మనిషి. ఊరి బజారు దాటేదాకా చాలా బాగా నడిచాడు. అంత బాగా నడుస్తుంటే నాకు కుడి మోకాలు కనపడింది. ఆ ఇంటి మోకాళ్లే అట్లాంటివేమో.

దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. కొడుకు చెవి దగ్గర వంగి "బాపూ" అని మూడుసార్లు పిలిచాడు. మళ్లీ ఎత్తడానికి నలుగురూ వంగారు. అన్నను మొయ్యలేనని ఊరి ముందు ఆయన చెప్పడు, ఎవరైనా చెబితే బతికినంతకాలం మరిచిపోడు. నేను పక్కకు పోయి ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"చిన్నకాకా, గొంతు ఎండుకపోతుంది. నాకు కొన్ని నీళ్లు పట్కరావా జర?"

వెనక ఎవరో పెద్దమనిషి, "శవం ముంగటేసుకొని నీళ్లేందిరా, ఎవలు వీడు?" అని విసుక్కున్నాడు. అననీ. చిన్నకాక నా మొహంలోకి చూశాడు, ఒక్క నిమిషం. తన భుజం మీది తువ్వాలు తీసి నా భుజం మీద మడిచి వేసి, నీళ్ల కోసం పక్కకు నడిచాడు, ఇప్పుడు దాచుకోకుండా కుంటుకుంటూ. ఆయన్ను ఎవరూ చూడలేదు, అందరూ నన్నే చూస్తున్నారు.

నేను వంగి కొమ్ము భుజానికెత్తుకున్నాను. పాడె లేచింది. ఈసారి కాక దించమనలేదు.